ఐదుకి ఒకటి తక్కువ

"ఇంతకీ నీకు ఉన్నట్టా, లేనట్టా?"

గత మూడు నెలల్లో ఈ ప్రశ్న చాలాసార్లు విన్నాను. అడిగినవాళ్ళలో మా అక్క ఉంది, రూమ్మేటు ఉన్నాడు, నా టీములో ఇద్దరున్నారు, వరసకి మామయ్యే ఒకాయన కూడా ఉన్నాడు. ఉందంటే ఒక రకం సలహా, లేదంటే ఇంకో రకం సలహా అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది. నా దగ్గరున్న కాగితంలో మాత్రం ఆ రెండు మాటలూ లేవు. అందులో రాసింది ఇది: అదర్ స్పెసిఫైడ్ అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్, ధ్యాసకి సంబంధించిన లక్షణాల సంఖ్య సరిపోలేదు. పక్కన ఎఫ్90.8 అని ఒక కోడు. మన మాటల్లో చెప్పాలంటే, ఏడీహెచ్‌డీ తరహా ఇబ్బంది ఉంది, దానివల్ల పనికీ రోజువారీ బతుక్కీ ఆటంకం కూడా ఉంది, కానీ పూర్తి పేరు పెట్టడానికి కావాల్సినన్ని లక్షణాలు లేవు.

ఈ "సరిపోలేదు" అనే మాటని ఎలా అర్థం చేసుకోవాలో తేల్చుకోవడానికి బోలెడు చదివాను, మా సైకియాట్రిస్టుని బోలెడు ప్రశ్నలు అడిగాను. సాఫ్ట్‌వేర్లో ఉన్న మన తెలుగువాళ్ళలో ఇలాంటి కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నవాళ్ళు ఇంకా ఉంటారని ఈ టపా. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. కొత్తచెరువులో పుట్టి, బీటెక్ చదివి, బెంగుళూరులో జావా రాసుకుని బతికేవాణ్ణి.

అసలు డాక్టరు దాకా ఎందుకెళ్ళానంటే, వరసగా రెండేళ్ళు నా రివ్యూలో ఒకటే మాట వచ్చింది: "ఇన్‌కన్సిస్టెంట్". పని రాదని ఎవరూ అనలేదు. ఒకవారం ముగ్గురి పని చేస్తాడు, ఇంకోవారం ఎక్కడున్నాడో తెలీదు, ఇదీ సారాంశం. మూడోసారి కూడా అదే మాటొస్తే ఏమవుతుందో ఇది చదివేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇంటికి పంపే డబ్బుతోనే నాన్న బోరు అప్పు కడుతున్నాడు. కాబట్టి ఇది నాకు సరదా పరిశోధన కాదు.

సరే, లెక్క సంగతి చూద్దాం.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ళ డీఎస్‌ఎం-5 అనే పుస్తకం ఉంది. 2013లో వచ్చింది, 2022లో కొద్దిగా సవరించారు. అందులో ఏడీహెచ్‌డీకి మొత్తం 18 లక్షణాలు. తొమ్మిది ధ్యాసకి సంబంధించినవి, తొమ్మిది కుదురులేనితనం, తొందరపాటుకి సంబంధించినవి. పిల్లలకైతే ఈ రెండు పట్టీల్లో ఏదో ఒకదాంట్లో కనీసం 6 ఉండాలి. 17 ఏళ్ళు, ఆ పైన ఉన్నవాళ్ళకి 5 చాలు. అవి కూడా ఆరు నెలలకి తగ్గకుండా ఉండాలి. వాటిలో కొన్ని 12 ఏళ్ళ లోపే కనపడి ఉండాలి. ఒక్క ఆఫీసులోనే కాదు, ఇంట్లోనో ఇంకోచోటో కూడా కనపడాలి. వాటివల్ల నిజంగా ఆటంకం ఉండాలి. చివరిదీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ: అవే లక్షణాలకి ఇంకో జబ్బు ఇంతకన్నా బాగా కారణంగా సరిపోకూడదు.

నాకు ధ్యాస పట్టీలో వచ్చినవి నాలుగు. రెండో పట్టీలో రెండు. కావాల్సింది ఐదు. ప్రోగ్రామర్లకి వేరే చెప్పాలా, కండిషన్ ఫాల్స్ :)

కానీ ఆ నాలుగూ ఏవి, మిగతా ఐదూ ఎందుకు కొట్టేశారు అన్నది చూస్తే కథ వేరుగా ఉంటుంది.

ఉన్నవి ఇవీ. పెద్ద పని మీద ధ్యాస నిలబడదు. ఇరవై పేజీల డిజైన్ డాక్యుమెంటు తెరిస్తే మూడో పేజీకల్లా నేను ఇంకో ఊళ్ళో ఉంటాను. మొదలుపెట్టింది చివరిదాకా సాగదు. ఫీచర్లో ఎనభై శాతం నాలుగురోజుల్లో అయిపోతుంది, మిగతా ఇరవైకి నెల పడుతుంది. పనుల్ని ఒక వరసలో పెట్టుకోవడం, దేనికెంత టైము పడుతుందో అంచనా వెయ్యడం కష్టం. నాలుగోది రోజువారీ మతిమరుపు. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగు, తిరిగి ఫోన్ చేస్తానని చెప్పిన మనిషి.

లేనివాటిల్లో రెండు నిజంగానే లేవు. ఎదురుగా మనిషి మాట్లాడుతుంటే వింటాను. చిన్న చిన్న వివరాలు కూడా కోడ్‌లో వదిలిపెట్టను. మూడోది వస్తువులు పారేసుకోవడం. చిన్నప్పుడు ఇది దండిగా ఉండేది. పలక, పెన్సిలు, ఒకసారి ఒంటికాలు చెప్పు కూడా. ఇప్పుడు లేదు, ఎందుకంటే తాళాలకి గోడమీద ఒక మేకుంది, పర్సుకి ఒకే జేబుంది, ఫోనుకి టేబుల్ మీద ఒకే మూల ఉంది. లక్షణం పోయిందా, లేక దానిచుట్టూ కంచె వేసుకున్నానా అంటే రెండోదే. కానీ ఇప్పుడు ఇబ్బంది పెట్టట్లేదు కాబట్టి ఇప్పటి లెక్కలోకి రాదు, చిన్ననాటి లెక్కలోకి వస్తుంది.

మిగిలిన రెండూ, అంటే చుట్టుపక్కల ప్రతి చప్పుడుకీ చెదిరిపోవడం, బుర్రపెట్టే పనిని తప్పించుకు తిరగడం, ఇవి "అప్పుడప్పుడు" అని చెప్పాను. అక్కడ ఆవిడ ఆగింది. గత ఆరు నెలల ఆఫీసు కేలండరు తెమ్మంది. ఏయే వారాల్లో ఇవి ఎక్కువయ్యాయో నా మెసేజులు, నా కమిట్లు చూసి గుర్తుపెట్టమంది. ఇద్దరం కూర్చుని పక్కపక్కన పెట్టి చూస్తే, అమెరికా క్లయింటుతో రాత్రి పదకొండింటి కాల్స్ ఉన్న వారాలు, నేను ఐదుగంటలు కూడా నిద్రపోని వారాలు, అవే ఇవి. మామూలు వారాల్లో ఆ రెండూ బాగా తగ్గుతున్నాయి. అందుకని వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

నా రిపోర్టులో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సమాచారం ఆ కొట్టేసిన రెండు లైన్లలోనే ఉంది. పైనున్న పేరులో లేదు. పేరు ఒకటే చదివితే ఇది కనపడదు.

మావాళ్ళు మాత్రం పేరు చూసి రెండు జట్లుగా విడిపోయారు. మొదటి జట్టు: "ఐదు రాలేదు కదా, అయితే నీకేం లేదు, బద్ధకం తగ్గించుకో." రెండో జట్టు: "ఒక్కటే కదా తక్కువ, అయితే ఉన్నట్టే, మందులు తెచ్చుకో." చూడ్డానికి ఎదురెదురు వాదనల్లా ఉన్నా రెండూ చేసే పని ఒకటే: నాలుగుని బలవంతంగా సున్నా చెయ్యడమో, ఐదు చెయ్యడమో. నాలుగుని నాలుగుగా ఉండనివ్వడం ఎవరికీ ఇష్టం లేదు.

మొదటి జట్టుకి ఒక మాట. ఈ గీత ఆకాశం నించి ఊడిపడలేదు. 1994 నాటి డీఎస్‌ఎం-4 ప్రకారం పెద్దవాళ్ళకి కూడా 6 లక్షణాలు కావాలి, అవి 7 ఏళ్ళ లోపే కనపడాలి. 2013లో ఆ ఆరుని ఐదు చేశారు, ఏడుని పన్నెండు చేశారు. అంటే 2012లో ఐదు లక్షణాలతో "లేదు" అనిపించుకున్న మనిషి, తనలో ఏ మార్పూ లేకుండానే మరుసటి ఏడాదికి "ఉంది" అయిపోవచ్చు. మన ఆసుపత్రుల్లో చాలా ఏళ్ళు వాడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ ఐసీడీ-10లో అయితే దీన్ని హైపర్‌కైనెటిక్ డిజార్డర్ అన్నారు, ధ్యాసలేమితో పాటు కుదురులేమి కూడా తప్పనిసరి. నాలాగా కూర్చున్న చోటే కూర్చుని ఎటో వెళ్ళిపోయేవాడికి అందులో చోటే లేదు. 2022 జనవరి నించి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో ఇన్ని ఉండాలన్న సంఖ్యే పెట్టలేదు, డాక్టరు అంచనాకి వదిలేశారు. మనిషి ఒకడే. ఏ పుస్తకం తెరిస్తే ఆ జవాబు.

అయితే గీతలన్నీ దండగా అంటే, కాదు. ఇది చెప్పడానికి మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

పేరులోనే చెరువున్న ఊరు మాది. అది నిండిన ఏడాదులు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 2022 ఏప్రిల్లో శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్ళాం గానీ, అంతకుముందు అంతా అనంతపురమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు అటూఇటూగా పడే వాన. అలాంటి చోట ప్రతి ఏడాదీ చివర్లో అందరూ ఎదురుచూసేది ఒకటే, కరువు మండలాల జాబితా. దానికీ కొలమానాలున్నాయి. కేంద్రం 2016లో ఇచ్చిన కరువు మాన్యువల్ ప్రకారం వాన ఎంత తగ్గింది, మధ్యలో ఎన్నాళ్ళు బెట్ట వచ్చింది, ఎంత భూమిలో విత్తనం పడింది, నేలలో తేమెంత, ఉపగ్రహం నించి చూస్తే పచ్చదనమెంత, భూగర్భజలం ఎంత, ఇవన్నీ చూస్తారు. తర్వాత కొన్ని ఊళ్ళకి వెళ్ళి పొలాలు కళ్ళతో చూస్తారు. జాబితాలో పేరొస్తే అప్పులకి కాస్త గడువు, కొంత సాయం.

శెనక్కాయ పండించేవాళ్ళకి ఒక విషయం బాగా తెలుసు. మొత్తం వాన ఎంత పడిందన్నదొక్కటే కాదు, ఎప్పుడు పడిందన్నది ముఖ్యం. పూత అయ్యి ఊడలు దిగే సమయంలో, ఆగస్టులో, మూడు వారాలు బెట్ట పట్టిందనుకోండి, సెప్టెంబరు చివర్లో కుంభవృష్టి కురిసి సగటు సరిపోయినా చెట్టుకింద కాయలుండవు. సగటు చూస్తే బాగానే ఉంటుంది, చేను చూస్తే ఉత్త ఆకు. అలాంటి ఏడాది పక్క మండలం జాబితాలో ఉండి మన మండలం లేకపోతే, కరువేమీ మండలం సరిహద్దు దగ్గర ఆగిపోయి ఉండదు. జాబితాలో లేము కాబట్టి చేను ఎండలేదు అని మా ఊళ్ళో ఎవడూ అనడు. అలాగని జాబితాలే వద్దు అని కూడా అనరు. ఉన్న కాస్త డబ్బు ఎవరికి ముందివ్వాలో తేల్చాలంటే ఎక్కడో ఒకచోట గీత గియ్యాల్సిందే. గీత చెప్పేది సాయం ఎవరికి ముందన్నది. మన చేలో కాయ ఉందో లేదో చెప్పాలంటే చెట్టు పీకి చూడాలి.

ఇప్పుడు రెండో జట్టుకి. ఎండిన ప్రతి చేనూ కరువు వల్లే ఎండదు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో శెనక్కాయ చేలు లక్షల ఎకరాల్లో మాడిపోయాయి. సుమారు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయని, నష్టం 300 కోట్ల పైమాటేనని తర్వాత లెక్క తేలింది. నాకప్పుడు ఊహ తెలీదు, నాన్న ఇప్పటికీ చెప్తాడు. అది వాన లేక మాడటం కాదు. చూడ్డానికి అందరికీ తెలిసిన మొవ్వుకుళ్ళు తెగులులాగే ఉంటుంది, అదీ కాదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షలు చేసి అది టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. గట్లమీద పెరిగే వయ్యారిభామ కలుపుమొక్కలో ఆ వైరస్ ఏ గుర్తూ లేకుండా దాక్కుంటుంది, దాని పుప్పొడి తామరపురుగులతో పాటు చేలోకి వస్తుంది. ఇలాంటిదానికి నీళ్ళు పెడితే ఏం లాభం? గట్టుమీద వయ్యారిభామ పీకాలి.

ధ్యాస నిలవకపోవడం కూడా ఈ మాడిన ఆకులాంటిదే. నిద్ర చాలకపోతే నిలవదు. థైరాయిడ్ తేడాగా ఉన్నా, రక్తం తక్కువగా ఉన్నా, ఆందోళన, డిప్రెషన్ ఉన్నా నిలవదు. గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగే జబ్బుంటే పొద్దున్నంతా బుర్ర మొద్దుబారే ఉంటుంది. నాకు కూడా ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 చూపించమన్నారు. ఇవేవీ చూడకుండా నెట్‌లో ఆరు ప్రశ్నల క్విజ్ చేసి ఏడీహెచ్‌డీ అని తేల్చేసుకునేవాళ్ళు మా ఆఫీసులోనే నలుగురున్నారు. ఆ ఆరు ప్రశ్నలకి మూలం ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి తయారుచేసి 2005లో ప్రచురించిన ఏఎస్‌ఆర్‌ఎస్ అనే మంచి పట్టిక. అయితే అది జల్లెడ మాత్రమే. ఎవర్ని డాక్టరు చూడాలో చెప్తుంది, డాక్టరు చూసి ఏమంటారో చెప్పదు.

చిన్నప్పటి సంగతి ఎందుకంతగా అడుగుతారో కూడా ఇక్కడే చెప్పాలి. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటినించీ గమనిస్తూ వచ్చారు. వాళ్ళు 38వ ఏట ఉన్నప్పుడు చూసిన ఫలితాలు 2015లో వచ్చాయి: అప్పుడు ఏడీహెచ్‌డీ లక్షణాలున్నవాళ్ళలో సుమారు 90 శాతం మందికి చిన్నప్పుడు ఆ జబ్బు లేదు. అంటే పెద్దయ్యాక కొత్తగా వస్తుందా అని పెద్ద చర్చ. 2018లో మార్గరెట్ సిబ్లీ బృందం అమెరికాలో ఇంకో గుంపుని చిన్నతనం నించి పెద్దయ్యేదాకా పదేపదే ఇంటర్వ్యూ చేసిన వివరాలు దగ్గరపెట్టుకుని ఒక్కొక్కర్నీ విడిగా చూసింది. కొత్తగా వచ్చినట్టు కనిపించినవాళ్ళలో అత్యధికులకి కారణం వేరే ఉంది, మత్తుపదార్థాలో, ఇంకో మానసిక సమస్యో. అందుకే డాక్టర్లు మన పాతికేళ్ళ క్రితపు ప్రోగ్రెస్ కార్డుల కోసం అంతలా వేధించేది.

నా విషయంలో మా అమ్మకి ఫోన్ చేశారు. బెంగుళూరు కాబట్టి సైకాలజిస్టుకి తెలుగొచ్చు, అదృష్టం. అమ్మ చెప్పింది: "కుదురుగానే ఉంటాడు మేడం. ఒక తావ కూర్చుంటే లేయడు. కాకపోతే మనిషి ఈడుంటాడు, మనసు యాడో ఉంటుంది. ఉప్పు తెమ్మని అంగడికి పంపిస్తే ఉత్త చేతుల్తో వచ్చి, ఏం తెమ్మంటివి మా అని అడుగుతాండె." పైగా నాలుగో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఒకటి ట్రంకుపెట్టెలో దొరికింది, "పరధ్యానం ఎక్కువ" అని మా సారు రాసింది. డీఎస్‌ఎం చదవకుండానే ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు :)

మరి ఇంటర్లో, బీటెక్‌లో ఎవరికీ ఎందుకు కనపడలేదు? నా అనుమానం ఇది. ఇంటర్ హాస్టల్లో పొద్దున ఐదింటినించి రాత్రి పదింటిదాకా గంటగంటకీ బెల్లు. ఏం చదవాలో, ఎప్పుడు చదవాలో, ఎప్పుడు ఆపాలో నేను ఆలోచించాల్సిన అవసరమే లేదు. నా బుర్రలో లేని గడియారం గోడమీద ఉండేది. ఉద్యోగంలో చేరాక ఆ గోడ పోయింది. "ఈ క్వార్టర్లో ఇది అయిపోవాలి" అంటారు, అంతే. మూడు నెలల పొడుగున్న ఒకే ఒక్క పీరియడు, మధ్యలో బెల్లు లేదు. నేను మారలేదు, ఆసరా మారింది. మీలో చాలామందికి ఉద్యోగంలోకి వచ్చిన రెండు మూడేళ్ళకి మొదలైన ఇబ్బంది ఇదే అయితే, చిన్నప్పుడు ఎవరు ఏ ఆసరా ఇచ్చారో ఒకసారి ఆలోచించుకోండి. డాక్టరుకి అది చాలా పనికొస్తుంది.

మందుల విషయం. మా సైకియాట్రిస్టు ఇప్పటికి వద్దంది. ముందు నిద్ర సరిచేసి, రెండు నెలలాగి మళ్ళీ చూద్దామంది. పూర్తి పేరు రాలేదని కాదు, ఎఫ్90.8 ఉన్నవాళ్ళకి కూడా అవసరమనిపిస్తే మందులు రాస్తారట. కారణం తేలని భాగం తేలాక చూద్దామని. ఇక్కడో చిన్న పిడకలవేట: దీనికి ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్‌ని 1944లో సిబా కంపెనీలో లియాండ్రో పనిజ్జోన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు, వాళ్ళావిడ ముద్దుపేరు రీటా, అందుకే అది రిటాలిన్ అయింది. మన దేశంలో అది ఎన్‌డీపీఎస్ చట్టం కింద నియంత్రణలో ఉన్న మందు. రిలీజు ముందురోజు ఫ్రెండు దగ్గర రెండు మాత్రలు అడిగి వేసుకునే వస్తువు కాదని చెప్పడానికే ఇది.

మూడు నెలలయింది. రాత్రి కాల్స్ వారానికి రెండుకి తగ్గించమని మేనేజర్ని అడిగాను, ఒప్పుకున్నాడు. ఏడుగంటలు పడుకుంటున్నాను. ఆ "అప్పుడప్పుడు" లక్షణాలు రెండూ దాదాపు పోయాయి. నాలుగు మాత్రం నాలుగూ అలాగే ఉన్నాయి. నిద్ర పోగొట్టినవేవో, నాతో పుట్టినవేవో ఇప్పుడు విడివిడిగా కనపడుతున్నాయి. ఆరోజు ఎవరైనా దయతలచి ఆ రెండూ కలిపేసి ఆరు చేసి, పూర్తి పేరు ఇచ్చి పంపేసి ఉంటే ఈ తేడా తేలేది కాదు. ఏమీ లేదు పొమ్మని ఉంటే మిగిలిన నాలుగుకీ దారుండేది కాదు.

ఆ నాలుగుకీ చేస్తున్నవి పెద్ద బ్రహ్మవిద్యలేం కాదు. పెద్ద టికెట్‌ని ఒకటిన్నర రోజుకి మించని ముక్కలుగా చెయ్యడం, ఆ ముక్కలు చెయ్యడంలో టీములో ఒకరి సాయం తీసుకోవడం. చివరి ఇరవై శాతానికి వేరే టికెట్, వేరే తేదీ. డాక్యుమెంటు ప్రింటు తీసుకుని నిలబడి చదవడం. బిల్లులన్నీ ఆటోపే. ఇంకా ప్రతిరోజూ సాయంత్రం ఐదింటికి ఒక సహోద్యోగితో పది నిమిషాలు, ఏమైంది, ఏం కాలేదు. అదే నా బెల్లు. తర్వాతి రివ్యూ రెండు నెలల్లో ఉంది, ఏమవుతుందో చూడాలి. మొన్నటి రిలీజులో మాత్రం నా ఇరవై శాతం నెల కాదు, తొమ్మిది రోజులు పట్టింది.

ఆఫీసులో జబ్బు పేరు చెప్పలేదు. కావాల్సింది మాత్రం అడిగాను. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, అందులో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ ఉంది గానీ ఏడీహెచ్‌డీ పేరు లేదు. కాబట్టి పూర్తి డయాగ్నోసిస్ వచ్చినంత మాత్రాన ఆ జాబితా కింద నాకు కొత్తగా వచ్చేదేం లేదు. ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళు మాత్రం ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం శారీరక జబ్బులకి ఇచ్చే పద్ధతిలోనే మానసిక జబ్బులకీ వైద్య బీమా ఇవ్వాలి. చెప్పాలా వద్దా అన్నది ఎవరికివాళ్ళు తేల్చుకోవాల్సిందే. అమ్మ ఇప్పటికే "పెండ్లి సంబంధమొస్తే చెప్పాల్నా" అని అడిగింది. చెప్తాను అన్నాను. బిల్లులు మర్చిపోతాడని పెళ్ళయిన వారానికి ఎలాగూ తెలిసిపోతుంది కదా.

ఇదంతా రాయడానికి ఇంకో కారణం ఉంది. అక్క కూతురికి తొమ్మిదేళ్ళు, ఊళ్ళోనే చదువుతోంది. టీచరు "పిల్ల మంచిదే, పరాకు ఎక్కువ" అన్నారట. అల్లరి చేసే పిల్లవాణ్ణి అందరూ గమనిస్తారు. కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్ల ఎవరికీ అడ్డం రాదు, కాబట్టి ఎవరికీ కనపడదు. అక్క నా కాగితం చూసి, "నీకే పూర్తిగా లేదన్నారు, దీనికేం చూపిస్తాం" అంది. అక్కతో చెప్పింది ఇదీ: ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించు. నిద్ర చూడు. బడిలోనే ఇలా ఉందా, ఇంట్లో కూడానా, ఒక నోటుబుక్కులో రాయి. ప్రభుత్వ బడులకీ అంగన్‌వాడీలకీ వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013లో మొదలైంది, 18 ఏళ్ళ లోపు పిల్లల్లో చూడాల్సిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. అనుమానం ఉంటే జిల్లా కేంద్రానికి పంపిస్తారు. పెద్దవాళ్ళకైతే ముందు మాట్లాడ్డానికి 14416 ఉంది, 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అక్కకి ఇంకోటి కూడా చెప్పాను. ఆ పిల్లకి రేపు ఆరు వచ్చినా, నాలుగు వచ్చినా, పైన ఏ పేరు రాశారన్నది తర్వాత చూడు. ఏవి ఉన్నాయన్నారు, ఏవి కొట్టేశారు, ఎందుకు కొట్టేశారు, ఈ మూడూ అడిగి రాయించుకుని రా. మీరు కూడా ఇలాంటి రిపోర్టు తెచ్చుకుని ఉంటే మళ్ళీ ఒకసారి తీసి ఆ మూడూ ఉన్నాయేమో చూడండి. లేకపోతే వెళ్ళి అడగండి, ఫీజు కట్టింది దానికే. వచ్చే శనివారం అక్కా, చిన్నదీ కంటి పరీక్షకి వెళ్తున్నారు. ఈసారి ఫోన్లో రిమైండరు పెట్టింది అక్క కాదు, నేను. మూడు పెట్టాను.